కరెంటు బిల్లులో ‘హౌసింగ్’ లైను ఎవరి కోసం?

నెల మొదటి వారం వచ్చిందంటే మన బ్యాచిలర్ గదుల్లో ఒక పంచాయతీ ఖాయం. కరెంటు బిల్లు వచ్చిందని గది పట్టినాయన చెప్తాడు, మనిషికి ఇంత అంటాడు, మనం తిట్టుకుంటూ ఇచ్చేస్తాం. కరామాలో మేము ఎనిమిది మందిమి ఉండే ఫ్లాటులో కూడా చాలాకాలం ఇదే తంతు. అద్దె వేరు, కరెంటు-నీళ్లు వేరు, ‘హౌసింగ్’ పేరుతో మనిషికి 60 దిర్హమ్‌లు వేరు. ఎందుకని అడిగితే ఒకటే జవాబు: “మున్సిపాలిటీ పెంచిందన్నా, నేనేం చేయాలె?”

చివరికి మాలో ఒకతను, నిజామాబాద్ జిల్లా తమ్ముడు, బిల్లు చూపించమని పట్టుబట్టాడు. చూస్తే ఆ లైనులో ఉన్నది 300 దిర్హమ్‌లు. మేం కట్టేది 480. మిగతాది ఎటు పోయిందో చెప్పక్కర్లేదు. అప్పటిదాకా అసలు ఈ హౌసింగ్ ఫీజు ఏమిటని మాలో ఎవరమూ అడగలేదు. సైటులో సిమెంటు బస్తాకు లెక్క రాసే మేము, మా జేబులోంచి పోయేదానికి లెక్క చూసుకోలేదు.

దుబాయ్‌లో అద్దెకుండే విదేశీయుల నుంచి ఏడాది అద్దెలో 5 శాతాన్ని మున్సిపాలిటీ ఫీజుగా తీసుకుంటుంది. దాన్ని పన్నెండు భాగాలు చేసి నెలనెలా ‘దేవా’ కరెంటు-నీళ్ల బిల్లులో కలుపుతారు. మా ఫ్లాటు అద్దె ఏడాదికి 72,000. అందులో 5 శాతం 3,600. నెలకు 300, మనిషికి 37 దిర్హమ్‌ల 50 ఫిల్స్. అద్దె ఒప్పందంలో అంకె మారితే తప్ప ఈ లైను మారదు. మీ గదిలోనూ ఈ లెక్క అయిదు నిమిషాల్లో వేసుకోవచ్చు.

పేరు చూసి చాలామంది మోసపోతారు. హౌసింగ్ అంటే మనకేదో ఇళ్లు కట్టిస్తారని కాదు. ఇక్కడి పౌరులకు ఇళ్లు కట్టించే సంస్థలు వేరే ఉన్నాయి. దుబాయ్‌లో మహమ్మద్ బిన్ రాషిద్ హౌసింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్, దేశం మొత్తానికి 1999లో పెట్టిన షేక్ జాయెద్ హౌసింగ్ ప్రోగ్రాం. మన ఫీజు మున్సిపాలిటీ ఖజానాకు పోతుంది. పొద్దున్నే చెత్త ఎత్తేవాళ్లు, రోడ్డు ఊడ్చేవాళ్లు, పార్కులు, దోమల మందు అన్నీ ఆ మున్సిపాలిటీ పనులే. అబుదాబిలో ఇలాంటి ఫీజును 2016లో 3 శాతంతో మొదలుపెట్టారు. అక్కడా విదేశీయులకే, అక్కడా కరెంటు బిల్లులోనే. ఊళ్లో పంచాయతీ ఇంటి పన్ను రెండేళ్లు బాకీ పెట్టినా ఎవరూ అడగరు. ఇక్కడ ఆ ఆట సాగదు. బిల్లు కట్టకపోతే ఏసీ ఆగిపోతుంది, జూలై నెలలో ఏసీ లేకుండా ఒక్క రాత్రి గడపగల మొనగాడు ఎవడు?

ట్యాక్సు లేని దేశమని మనవాళ్లు ఊళ్లో గొప్పగా చెప్తారు. జీతం మీద లేదు, నిజమే. కానీ ఊరు నడవాలంటే డబ్బు ఎక్కడినుంచో రావాలి కదా. దుబాయ్‌కి నూనె బావుల మీద వచ్చేది చాలా తక్కువ. 2020 బడ్జెట్‌లో రాబడి 64 బిలియన్ దిర్హమ్‌లని అంచనా వేస్తే, అందులో నూనె వాటా 6 శాతం. ప్రభుత్వ సేవల ఫీజులు ఏకంగా 60 శాతం. వీసా స్టాంపింగు, ట్రేడ్ లైసెన్సు, ఇల్లు కొంటే 4 శాతం రిజిస్ట్రేషన్, 2007లో వచ్చిన సాలిక్ టోలు, ఇలా చిల్లర చిల్లరగా పోగయ్యేవే. 2018 జనవరి నుంచి వ్యాట్ 5 శాతం వచ్చింది. ఆ సొమ్ములో 70 శాతం స్థానిక ప్రభుత్వాలకు, 30 శాతం కేంద్రానికి పంచుతామని అప్పుడు చెప్పారు. అంటే బకాలాలో లబన్ ప్యాకెట్ కొన్న క్యాంపు కార్మికుడు కూడా ఈ ఊరి ఖర్చులో చెయ్యి వేసినవాడే.

అసలు బరువు ఇప్పుడు మరో లైనులో పెరుగుతోంది, మురుగునీటి ఫీజు. ఇది ముందు గ్యాలన్‌కు అర ఫిల్స్. పదేళ్ల తర్వాత తొలిసారిగా పెంచి 2025లో 1.5 ఫిల్స్, 2026లో 2, 2027 నుంచి 2.8 ఫిల్స్ అని ముందే ప్రకటించారు. ఫిల్స్ అంటే ఎంత అనుకుంటాం. మా ఫ్లాటులో ఎనిమిది మందికి నెలకు 6,000 గ్యాలన్లు అవుతాయనుకుందాం. పాత రేటుకు 30 దిర్హమ్‌లు. 2025 రేటుకు 90, 2026 రేటుకు 120, చివరి రేటుకు 168. ఇంటికి పంపే డబ్బులోంచి కోసుకోవాల్సిందే కాబట్టి మాకు కోపం వచ్చింది.

అయితే పైపులు వేసే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి రెండో వైపు కూడా తెలుసు. మా కంటే ముందు వచ్చిన పెద్దలు 2008 సంగతి చెప్తారు. ఊరు పెరిగినంత వేగంగా మురుగు పైపులు పెరగలేదు. చాలా బిల్డింగుల, క్యాంపుల ట్యాంకుల్లో నిండినదాన్ని ట్యాంకర్లే అల్ అవీర్ శుద్ధి కేంద్రానికి మోసేవి. అక్కడ గంటల తరబడి లైను. ట్రిప్పు లెక్కన డబ్బులు వచ్చే డ్రైవర్లు లైనులో ఉండలేక కొందరు వాననీటి కాలువల్లో వదిలేశారు. అదంతా పోయి జుమైరా బీచ్‌లో తేలింది. డ్రైవర్లను పట్టుకుని జరిమానాలు వేశారు. తప్పు వాళ్లదే, కాదనం. కానీ పైపు లేని చోట మనిషిని పైపుగా వాడుకున్నారన్నది మా మాట.

ఆ తర్వాత 2024 ఏప్రిల్ 16. ఆ రోజు వాన మనవాళ్లెవరూ మరచిపోరు. ఒక్క రోజులో, రికార్డులు రాయడం మొదలుపెట్టాక ఎన్నడూ లేనంత కురిసింది. మేము మోకాలి లోతు నీళ్లలో నడిచి గదికి చేరాం. అదే ఏడాది జూన్‌లో ‘తస్రీఫ్’ పేరుతో 30 బిలియన్ దిర్హమ్‌ల వాననీటి కాలువల పథకం ప్రకటించారు, 2033 నాటికి పూర్తి కావాలట. మన పని వాళ్లకు ఇన్నేళ్ల పని దొరుకుతుందని సంతోషం ఒకపక్క.

క్యాంపుల్లో ఉండేవాళ్లకు ఈ బిల్లు కనిపించదు, కంపెనీ కడుతుంది. సోనాపూర్ అయినా, జబల్ అలీ అయినా, షార్జా సజ్జా అయినా అంతే. 2009 కేబినెట్ నిబంధనల ప్రకారం క్యాంపు గదిలో మనిషికి కనీసం 3 చదరపు మీటర్లు ఉండాలి. ఆ మాత్రం జాగా టేపు పెట్టి కొలుచుకోవడం మనకు కష్టం కాదు.

బెడ్ స్పేస్‌లో ఉండేవాళ్ల తిప్పలు వేరు. ఫీజు మనం కడతాం, ఒప్పందంలో మన పేరు ఉండదు. 2022లో ఇంట్లో ఉండేవాళ్ల పేర్లన్నీ ‘దుబాయ్ రెస్ట్’ యాప్‌లో నమోదు చేయాలని ల్యాండ్ డిపార్ట్‌మెంట్ చెప్పింది. గది పట్టినవాళ్లు చాలామంది చేయలేదు. మనమూ అడగలేదు. 2025 జూన్‌లో రిగ్గా, మురఖ్ఖబాత్, సత్వా, బర్షా, రఫ్ఫా ప్రాంతాల్లో మున్సిపాలిటీ అనుమతి లేని పార్టిషన్లు తీయించింది. ప్లైవుడ్ గోడల మధ్య మంట అంటుకుంటే ఏమవుతుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు, తీయించడం సబబే. కానీ సత్వాలో మాకు తెలిసిన ఇద్దరు ఆ రోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి మంచం వరండాలో ఉంది. మూడేళ్లుగా నెలనెలా హౌసింగ్ పేరుతో డబ్బు ఇచ్చినట్టు చూపడానికి వాళ్ల దగ్గర ఒక్క కాగితం లేదు. వారం రోజులు మా గదిలోనే నేల మీద పడుకున్నారు.

ఆ బిల్లు గొడవ తర్వాత మా గది పట్టినాయన నాలుగు రోజులు మాట్లాడలేదు. తర్వాత ఆయనే తగ్గాడు. ఇప్పుడు మనిషికి 37.50 తీసుకుంటున్నాడు, పాతది తిరిగి ఇవ్వలేదు, మేమూ అడగలేదు. మా ఎనిమిది మంది పేర్లు యాప్‌లో ఎక్కించడానికి ఎమిరేట్స్ ఐడీ కాపీలు పోయిన శుక్రవారం ఇచ్చాం. బిల్లు ప్రింటు తీసి ఫ్రిజ్ తలుపుకు అంటిస్తున్నాం. మురుగునీటి లైను కింద ఆ నిజామాబాద్ తమ్ముడు ఎర్ర పెన్నుతో గీత గీసి, “స్నానం పది నిమిషాలే” అని రాసి పెట్టాడు.