చీమలు గుడ్లు మోస్తే గింజ వేయవచ్చా? కార్తె సామెతలు, వాన గుర్తులు

మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో మొదలవుతుంది. ఆ వారం ఏ ఊరికి వెళ్లినా రచ్చబండ దగ్గర ఒకటే మాట: "చీమలు గుడ్లు మోస్తున్నాయి సార్, ఇక గింజ వేసుకోవచ్చా?" చీమ అబద్ధం చెప్పదు. కానీ మనం అడుగుతున్నది ఒకటి, అది చెబుతున్నది ఇంకొకటి.

మహబూబ్‌నగర్ వైపు పనిచేసే రోజుల్లో ఒక రైతు చీమల బారు చూశాడు. సాయంత్రం జల్లు పడింది. మర్నాడే నాలుగెకరాల ఎర్ర చలకలో పత్తి గింజ పెట్టాడు. తర్వాత రెండు వారాలు చుక్క లేదు. మొలక మాడిపోయి, మళ్లీ అప్పు చేసి విత్తనం కొన్నాడు. ముందు రోజు నేను ఆ ఊళ్లోనే ఉన్నాను. ఆగమని గట్టిగా చెప్పలేకపోయాను.

చీమలు గుడ్లతో మెట్టకు చేరడం, తూనీగలు కిందుగా ఎగరడం, డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లడం, ఇవన్నీ గాలిలో తేమ పెరిగిందని చెప్పే గుర్తులు. తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు నీరు పీల్చుకుంటుంది. కల్లంలో ధాన్యంపై పట్టా కప్పడానికి, ఆ పూట మందు పిచికారీ ఆపడానికి ఈ గుర్తులు బాగా పనికొస్తాయి. ఎంత వాన పడుతుందో, మళ్లీ ఎప్పుడు పడుతుందో మాత్రం చెప్పలేవు.

చంద్రుడి చుట్టూ వరదగుడి కడితే, గుడి దూరంగా ఉంటే వాన దగ్గర, దగ్గరగా ఉంటే వాన దూరం అంటారు పెద్దలు. ఇందులో పస ఉంది. పెద్ద గుడి చాలా ఎత్తున ఉండే పల్చని మబ్బులోని మంచు రేణువుల వల్ల ఏర్పడుతుంది. అల్పపీడనం, తుపాను వచ్చే ముందు ఇలాంటి మబ్బు తరచుగా ముందే పరుచుకుంటుంది. చిన్న గుడి నీటి తుంపరలున్న పల్చని మబ్బు వల్ల వస్తుంది. ఆ మబ్బు చాలాసార్లు కురవకుండానే తేలిపోతుంది.

నాకు అన్నిటికంటే నచ్చిన గుర్తు ఆరుద్ర పురుగు. ఎర్రని మఖమల్ గుడ్డలా ఉండే ఈ పురుగు నేల బాగా నానితేనే పైకి వస్తుంది. అంటే ఇది రాబోయే వాన గురించి చెప్పదు, పడిన వాన నేలలోకి దిగిందని చెబుతుంది. విత్తేవాడికి కావలసింది ఆ కబురే. దయచేసి వీటిని ఏరి అమ్మకండి, ఇవి చిన్న చిన్న పురుగులను తిని పైరుకు మేలు చేస్తాయి.

ఇక కార్తె సామెతలు రేపటి వాన చెప్పేవి కావు, తరాల అనుభవం మీద కట్టిన సగటు లెక్కలు. "ఉత్తర చూసి ఎత్తర గంప" అంటే సెప్టెంబరు మధ్యలో వచ్చే ఉత్తర కార్తెకు కూడా వాన లేకపోతే ఆ పంట మీద ఆశ వదులుకోవాలని. వలస పోయిన కుటుంబాలకు ఆ మాట బరువు తెలుసు.

కాబట్టి విత్తే ముందు ఈ లెక్క చూడండి. తేలిక నేలల్లో 50-60 మిల్లీమీటర్లు, నల్లరేగడిలో 60-75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే మెట్ట పంటలు విత్తుకోవాలి. పైనా కిందా ఒకే వెడల్పున్న డబ్బాను చేలో ఆరుబయట పెట్టి, వాన నిలిచాక నీటి లోతును స్కేలుతో కొలవండి. 6 సెంటీమీటర్లంటే 60 మిల్లీమీటర్లు. డబ్బా లేకపోతే జానెడు లోతు తవ్వి గుప్పెడు మట్టి పిసకండి. ఉండ కడితే పదును ఉన్నట్టు, పొడిగా రాలితే ఆగాలి.

మేఘదూత్ యాప్‌లో మంగళ, శుక్రవారాల్లో మీ జిల్లాకు ఐదు రోజుల వాతావరణ అంచనా, పంటల సలహా వస్తాయి. పదును ఉన్నా ముందు రోజులు పొడిగా ఉంటాయని అందులో ఉంటే ఇంకో వాన చూడండి. తెలంగాణలో వర్షాధారపు పత్తిని జులై 20 వరకు విత్తుకోవచ్చు. పక్క చేనువాడు వేశాడని తొందరపడాల్సిన పని లేదు.