నాలుగు గెట్లు కొలిస్తే చాలునా?

పిల్లలూ! ఇంట్లో పెద్దలు పొలం సంగతి మాట్లాడుకునేటప్పుడు "గుంట" అనే మాట మీరు వినే ఉంటారు. 40 గుంటలైతే ఎకరం. అయితే గుంట అంటే ఎంత చోటు? పొడవు 33 అడుగులు, వెడల్పు 33 అడుగులు ఉన్న చతురస్రం ఒక గుంట. అనగా 121 చదరపు గజాలు. రేపు బడి మైదానంలో నాలుగు మేకులు పాతి, సుతిలి కట్టి, ఒక గుంట గీసి చూడండి. గీశాక ఎదురెదురు మూలలను కలుపుతూ రెండు కర్ణాలూ కొలవండి. రెండూ ఇంచుమించు 46 అడుగుల 8 అంగుళాలు రావాలి. ఒకటి పొడుగూ, ఒకటి పొట్టీ అయితే మీరు గీసినది గుంట కాదు. నాలుగు వైపులా 33 అడుగులే ఉన్నా సరే, కాదు!

అదెట్లా అంటారా? చెబుతాను.

నేను ఏర్గట్ల ప్రాంతంలో చాలా ఏళ్ళు లెక్కలు చెప్పి, ప్రధానోపాధ్యాయుడిగా పని విరమించినవాణ్ణి. నల్లబల్ల మీద చతురస్రాన్ని తిన్నగా గీస్తే ఏడో తరగతి పిల్లలంతా "చతురస్రం" అని అరిచేవారు. దాన్నే ఒక మూల మీద నిలబెట్టి గీస్తే "పతంగి, సార్!" అనేవారు. తప్పు వాళ్ళది కాదు. పుస్తకంలో బొమ్మలన్నీ ఎప్పుడూ ఒకే తీరున కూర్చుని ఉంటాయి. నేనూ చాలాకాలం అట్లాగే గీశాను. చివరికి సుద్దముక్క పక్కన పెట్టి చీపురుపుల్లలు పట్టుకున్నాను.

నాలుగు సమానమైన పుల్లలు తీసుకోండి. సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో మూలలు కలపండి. చతురస్రం తయారైంది గదా? ఇప్పుడు ఒక పక్కనుంచి మెల్లగా నెట్టండి. అది వాలిపోతుంది. ఇంకా నెడితే పుల్లలన్నీ ఒకదానికొకటి అంటుకుని లోపల చోటే లేకుండా పోతుంది. పుల్లలు మాత్రం ఎక్కడా పొట్టివి కాలేదు! మూడు పుల్లలతో త్రిభుజం చేసి నెట్టండి, కదలదు. కరెంటు తీగెలు మోసే పెద్ద టవర్లలో అన్నీ త్రిభుజాలే ఎందుకుంటాయో ఈసారి పొలానికి వెళ్ళినప్పుడు చూడండి.

ఈ ఆట ఆడించిన కొద్దిరోజులకు ఏడో తరగతి అమ్మాయి ఒకతె నాలుగు పుల్లలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "సార్, చేను నిలబడత లేదు" అన్నది.

సంగతేమంటే, వాళ్ళ నాయన పక్కవాళ్ళ పసుపు చేను కొనబోతున్నాడు. ధర గుంటకు ఇంత అని మాట్లాడుకున్నారు. నాలుగు గెట్లూ వరసగా కొలిస్తే 99, 132, 165, 198 అడుగులు వచ్చాయి. ఎదురెదురు గెట్లను కలిపి సగం చేశారు: ఒక జత 132, ఇంకొక జత 165. రెంటినీ గుణిస్తే 21,780 చదరపు అడుగులు. అంటే 20 గుంటలు, సరిగ్గా అర ఎకరం! మరునాడు బయానా ఇవ్వాలి. ఆ డబ్బుకోసం ఇంట్లో బంగారం కుదువపెట్టారు.

అమ్మాయి 33 అడుగులకు అంగుళం చొప్పున 3, 4, 5, 6 అంగుళాల పుల్లలు కోసి చేను చేసింది. అది ఎటు నెడితే అటు వాలుతున్నది. మరి అసలు చేను ఏ వాలుతో ఉన్నట్టు?

"ఐదో పుల్ల కావాలమ్మా" అన్నాను.

"దాని పొడుగు ఎంత?"

"అది నాకేం తెలుసు? చేనులో ఉన్నది."

ఆ సాయంత్రమే తాడు పట్టుకుని ముగ్గురం చేనుకు వెళ్ళాం. 99 అడుగుల గెట్టు మొదలైన మూలనుంచి 132 అడుగుల గెట్టు ముగిసిన మూలకు అడ్డంగా కొలిచాం. 165 అడుగులు! చేను రెండు త్రిభుజాలైంది. మొదటిదాని భుజాలు 99, 132, 165. ముప్పైమూళ్ళలో చెబితే 3, 4, 5. పునాదికి ముగ్గుపోసేటప్పుడు మేస్త్రీలు మూల సరిచూసే కొలతలే ఇవి. కనుక అక్కడ లంబకోణం ఉన్నది. వైశాల్యం 3, 4ల లబ్ధంలో సగం, 6 గుంటలు. రెండోదాని భుజాలు 5, 5, 6. పైకొననుంచి 6 మధ్యకు గీత గీస్తే మళ్ళీ రెండు 3, 4, 5 త్రిభుజాలే! అవి 12 గుంటలు. మొత్తం 18.

అమ్మే పెద్దాయన ఒప్పుకోలేదు. "మా తాతలనాటి నుంచి గిట్లనే కొలుస్తున్నం బిడ్డా. రెండు గుంటలు ఏడికి పోతయి?" అన్నాడు. అమ్మాయి ఆయన చేతిలో పుల్లల చేను పెట్టి, నెట్టి చూడమన్నది. ఆయన రెండుమూడుసార్లు నెట్టాడు. కాసేపు ఏమీ అనలేదు. తరువాత తాడు కొస తానే పట్టుకుని అడ్డంగా మళ్ళీ కొలిపించాడు. బేరం 18 గుంటలకే తెగింది.

పెద్దాయనది మోసం కాదు. ఆ లెక్క చాలా పాతది. సుమారు 850లో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలో ఎదురు భుజాల సగాలను గుణించే ఆ పద్ధతి ఉన్నది. అది వ్యవహారానికి పనికివచ్చే ముతక లెక్క అని చెప్పి, సూక్ష్మమైన లెక్క వేరే ఇచ్చాడు. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చినది ఈ గ్రంథాన్నే. అందులో ఇటువంటి బొమ్మలను "క్షేత్రం" అంటారు. క్షేత్రమంటే పొలమే గదా! ముతక లెక్క దీర్ఘచతురస్రానికి సరిపోతుంది. మూలలు వాలిన కొద్దీ ఉన్నదానికంటే ఎక్కువే చూపుతుంది, తక్కువ ఎన్నడూ చూపదు. అంటే నష్టం ఎప్పుడూ కొనేవాడిదే.

తల్లిదండ్రులకు ఒక్క మాట. పొలం కొలిచేటప్పుడు, ఇంటికి ముగ్గుపోసేటప్పుడు తాడు రెండో కొసను పిల్లల చేతికివ్వండి. కొంచెం ఆలస్యమవుతుంది, అంతే.

పిల్లలూ! మీరూ 3, 4, 5, 6 అంగుళాల పుల్లలతో ఆ చేను చేయండి. అంగుళం గళ్ళు గీసిన కాగితం మీద పెట్టి, వాలు మార్చినప్పుడల్లా లోపలి గళ్ళు లెక్కపెట్టండి. ఒక్కొక్క గడి ఒక గుంట. ఎట్లా వంచినా 19 గళ్ళు నిండవు. ఇక 20 గుంటల మాటేమిటి? 19కి అన్నిటికంటే దగ్గరగా వచ్చే వాలు ఏదో పట్టుకుని, అప్పుడు రెండు కర్ణాలూ ఎంతెంత ఉన్నాయో కొలిచి రాసి పెట్టుకోండి.