మెట్ట పీఠభూమిలో గోల్ఫ్ పచ్చిక: ఋతువారీ యాజమాన్యం, ఆటగాళ్ల నడవడి

గుంతకల్లు పరిసరాలు వర్షచ్ఛాయా ప్రాంతానికి చెందిన మెట్ట భూములు. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ.; అందులో అధికభాగం జూన్–అక్టోబరు నెలల మధ్య, కొద్దిపాటి వర్షపు రోజులలోనే కురుస్తుంది. గోల్కొండ నయాఖిలా వద్ద గోల్ఫ్ మైదానం గల హైదరాబాదులో వర్షపాతం 800 మి.మీ.కు చేరువగా ఉంటుంది. గుంతకల్లు వంటి చోట గోల్ఫ్ మైదానాన్ని పోషించదలచినపుడు ఎంత విస్తీర్ణానికి నీరివ్వాలో ముందుగా తేల్చుకోవాలి. ఆ నీటితో పెరిగిన పచ్చికపై సభ్యులు ఎలా మసలుకోవాలన్నది దానితో ముడిపడిన అంశమే.

నీటి లెక్క

హెక్టారు నేలపై 1 మి.మీ. నీరు 10,000 లీటర్లకు సమానం. వేసవిలో నేల, ఆకుల నుండి ఆవిరయ్యే నీటి ప్రమాణ విలువను రోజుకు 7 మి.మీ.గా, గరికకు పంట గుణకాన్ని 0.6గా తీసుకుంటే, హెక్టారుకు రోజుకు 42,000 లీటర్లు అవసరమవుతాయి. 18 రంధ్రాల మైదానంలో 25 హెక్టార్లను తడిపితే రోజుకు 10.5 లక్షల లీటర్లు కావాలి. జల్ జీవన్ మిషన్ నిర్దేశించిన తలసరి 55 లీటర్ల ప్రకారం ఇది సుమారు 19,000 మంది గ్రామీణులకు ఒక రోజు సరిపడే నీరు. రంధ్రం చుట్టూ నున్నగా కత్తిరించిన గ్రీన్లను మాత్రమే, ఒక్కొక్కటి 500 చ.మీ. చొప్పున తడిపితే, సుమారు 38,000 లీటర్లు చాలు. అందుచేత ఈ ప్రాంతంలో గ్రీన్లకు, ఆట మొదలుపెట్టే టీలకు మాత్రమే నీరిచ్చి, వాటి మధ్యనున్న ఫెయిర్‌వేలను వర్షాధారంగా ఉంచడం సమంజసం. దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలోని కూబర్ పీడీ మైదానంలో గడ్డే లేదు. ఆటగాళ్లు చిన్న పచ్చిక ముక్కను వెంట తీసుకువెళ్లి, దానిపై బంతినుంచి కొడతారు.

శుద్ధిచేసిన మురుగునీటిని వాడవచ్చు గాని ముందుగా లవణ పరీక్ష తప్పనిసరి. నేల విద్యుత్ వాహకత 6.9 డెసిసైమన్లు/మీ. వరకు గరిక పెరుగుదల తగ్గదు. వేరుశనగకు ఆ పరిమితి 3.2 మాత్రమే. అయితే నల్లరేగడి నేలల్లో నీటిలోని సోడియం నేల నిర్మాణాన్ని చెడగొడుతుందని గుర్తుంచుకోవాలి.

వేసవి: మార్చి–మే

నీరందని గరిక వేసవిలో గోధుమరంగుకు మారి సుప్తావస్థలోకి వెళుతుంది. ఆకులు ఎండినా భూమిలోని కాండాలు, కణుపులు జీవించే ఉంటాయి. ఈ దశలో నత్రజని వేయరాదు. కోత ఎత్తును పెంచాలి. ఒక్కసారి కోతలో ఆకు ఎత్తులో మూడో వంతుకు మించి తీయరాదు. గ్రీన్లకు తెల్లవారుజామున, వేరు లోతు వరకు తడిసేలా నీరివ్వాలి.

సుప్తావస్థలోని పచ్చిక తొక్కిడికి తట్టుకోలేదు. దెబ్బతిన్న కణుపు వానలు పడేవరకు కోలుకోదు. కనుక వాహనాలను బాటలకే పరిమితం చేయాలి. బంతి బోడి నేలపై ఆగినపుడు దానిని సమీపంలోని మేలైన చోట ఉంచి ఆడేందుకు స్థానిక నియమం కల్పించవచ్చు. 

ముంగారు: జూన్–సెప్టెంబరు

తొలకరి తరువాత గరిక వేగంగా పాకుతుంది. గట్టిపడిన నేలకు రంధ్రాలు చేసి ఇసుక నింపడానికి, చ.మీ.కు నెలకు 5 గ్రాముల నత్రజనిని విభజించి వేయడానికి ఇదే అదను. తుంగను దుంపలతో సహా తీసివేయాలి. వేరుశనగ రైతులకు చిరపరిచితమైన వేరుపురుగు పచ్చిక వేళ్లనూ తింటుంది. తొలివానల తరువాత సంధ్యవేళ వేపచెట్లపై చేరే పెంకుపురుగులను ఏరి నాశనం చేయాలి.

తడినేలపై నడిచే వాహనం నేలను అణచివేసి, వేళ్లకు గాలి అందకుండా చేస్తుంది. నల్లరేగడిలో ఈ నష్టం మరింత ఎక్కువ. భారీ వర్షం కురిసిన మరునాడు మైదానాన్ని మూసివేయాలన్న నిర్ణయాన్ని సభ్యులు గౌరవించాలి.

హింగారు, శీతాకాలం: అక్టోబరు–ఫిబ్రవరి

ఆటకు అత్యంత అనుకూలమైన ఈ నెలల్లో రాత్రులు చల్లబడి గరిక పెరుగుదల మందగిస్తుంది. ఆట పెరిగి, గాయం మానే వేగం తగ్గే కాలమిది. అందువలన గ్రీన్‌పై రంధ్రాన్ని తరచుగా వేరే చోటికి మార్చాలి. బంతి పడి గుంట ఏర్పడితే చిన్న ఫోర్కుతో అంచుల నుండి మధ్యకు నెట్టి, పైనుండి అదమాలి. అడుగునుండి ఎత్తితే వేళ్లు తెగుతాయి. వెంటనే సరిచేసిన గుంట కొద్దిరోజుల్లో మానుతుంది; వదిలేస్తే వారాలు పడుతుంది. కర్రదెబ్బకు లేచిన గరిక పెళ్ల తిరిగి అతకడం అరుదు. ఆ ఖాళీని ఇసుకతో నింపితే పక్కనున్న కాండాలు దానిలోకి పాకుతాయి.

నడవడే యాజమాన్యం

2019లో అమలులోకి వచ్చిన గోల్ఫ్ నియమావళి మైదాన సంరక్షణను ఆటగాడి ప్రవర్తనలో భాగంగా పేర్కొని, గ్రీన్‌పై ఏర్పడిన దాదాపు ప్రతి నష్టాన్నీ ఆట మధ్యలో సరిచేసేందుకు అనుమతించింది. నీరు పుష్కలంగా ఉన్న చోట ఆటగాళ్ల నిర్లక్ష్యాన్ని అదనపు తడులతో, ఎరువుతో కొంతవరకు కప్పిపుచ్చవచ్చు. గుంతకల్లు వంటి చోట ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ పాడైన ప్రతి చదరపు మీటరునూ తిరిగి నిలబెట్టడానికి తాగునీటితో పోటీపడే నీరే ఖర్చవుతుంది. పచ్చిక క్రీడాస్థలాలకు సలహాలిచ్చే విస్తరణ శాస్త్రవేత్తలు నీటి తడుల పట్టికతోపాటు, ఏ ఋతువులో సభ్యులు ఎక్కడ నడవరాదో తెలిపే పట్టికను కూడా రూపొందించి ఇవ్వాలి.