చతురస్రం చతురస్రంగానే కనిపిస్తోందా?

తక్కెడతో నూనె తూచే కొట్టువాడు ముందుగా వట్టి డబ్బాకు ధడ కడతాడు. ధడ కట్టకపోతే తక్కెడ మంచిదైనా తూకం తప్పుతుంది. విద్యుత్ తరంగాల ఆకారాన్ని తెరమీద చూపించే ఆసిలోస్కోపు విషయంలోనూ ఇలాంటి పని ఒకటుంది. 1897లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ తయారుచేసిన కాథోడ్ కిరణ గొట్టమే ఈ పరికరానికి మూలం.

వలయంలోని సంకేతాన్ని ఆసిలోస్కోపుకు చేరవేసేది ప్రోబు. చూడటానికి కలంలా ఉంటుంది, వెనక ఒక తీగ. ఇందులో ఏముంది, వట్టి తీగే కదా అనుకుంటాం. కాదు! సాధారణంగా వాడే ప్రోబు మొనలో 90 లక్షల ఓముల నిరోధం ఉంటుంది. ఆసిలోస్కోపు లోపల 10 లక్షల ఓములు. రెండూ శ్రేణిలో ఉన్నాయి కనుక వోల్టేజిలో పదోవంతే పరికరానికి అందుతుంది. ఎందుకింత పొదుపు? పరీక్షించే వలయం నుంచి ప్రోబు ఎక్కువ విద్యుత్తు లాగితే, కొలవబోయిన వోల్టేజే మారిపోతుంది.

చిక్కు ఇక్కడే వస్తుంది. తీగకూ, ఆసిలోస్కోపుకూ కలిపి కొంత కెపాసిటీ ఉంటుంది. దాన్ని 90 పికోఫారడ్లు అనుకుందాం. వోల్టేజి చటుక్కున మారినప్పుడు ముందు అది నిండాలి. అంత పెద్ద నిరోధం గుండా నిండాలంటే ఆలస్యమే కదా! అందుకని మొనలోని నిరోధానికి సమాంతరంగా ఒక చిన్న కెపాసిటరు కలుపుతారు. అక్కడ నిరోధం తొమ్మిది రెట్లు కనుక కెపాసిటీ తొమ్మిదోవంతు, అంటే 10 పికోఫారడ్లు కావాలి. 90 లక్షలను 10తో గుణించినా, 10 లక్షలను 90తో గుణించినా లబ్ధం ఒకటే. అప్పుడు నెమ్మదిగా మారే వోల్టేజి, వేగంగా మారే వోల్టేజి రెండూ సరిగ్గా పదోవంతే అవుతాయి.

ఆ 10కి బదులు 8 ఉందనుకోండి. 50 హెర్ట్జుల తరంగంలో తేడా ఏమీ తెలియదు. 20 వేల హెర్ట్జుల దగ్గర మాత్రం 10 వోల్టులు ఎనిమిది చిల్లరగా కనిపిస్తాయి. నేరం ఎవరిమీద పడుతుంది? పాపం, మీరు కష్టపడి అతికిన ఆంప్లిఫయరు మీద! బాగున్న ట్రాన్సిస్టరును పీకేస్తారు.

మరి సరిచేయడం ఎలా? ఆసిలోస్కోపు ముందుభాగంలో ఒక చిన్న కొక్కెం ఉంటుంది. అక్కడ సాధారణంగా సెకనుకు 1000 సార్లు పునరావృతమయ్యే చతురస్ర తరంగం వస్తుంది. ప్రోబు మొనను దానికి తగిలించి తెర చూడండి. మూలలు అరిగినట్టు గుండ్రంగా ఉంటే మొనలోని కెపాసిటీ తక్కువైందన్నమాట. కొమ్ముల్లా పైకి పొడుచుకువస్తే ఎక్కువైంది. పైగీత చదునుగా వచ్చేవరకు ప్రోబు మీది చిన్న మరను తిప్పాలి. స్క్రూడ్రైవరు ప్లాస్టిక్‌దే వాడాలి. ఇనుపదైతే అది దగ్గరికి రావడంతోనే కెపాసిటీ మారుతుంది!

ఇంటి గోడప్లగ్గులోని 230 వోల్టులను ఈ ప్రోబుతో చూడాలన్న సరదా మాత్రం వద్దు. కరెంటుతో నడిచే ఆసిలోస్కోపులో ప్రోబు క్లిప్పు మామూలుగా నేరుగా భూమికి కలిసి ఉంటుంది. అది ఫేజు తీగకు తగిలితే ప్రాణాపాయం.

ప్రోబును మరో ఆసిలోస్కోపుకు మార్చినా, అదే పరికరంలో రెండో చానెలుకు మార్చినా ఈ పరీక్ష మళ్ళీ చేయాలి. నేటి డిజిటల్ ఆసిలోస్కోపుకూ ఇది తప్పదు. సంకేతం అంకెలుగా మారకముందే, ప్రోబు దగ్గరే దాని ఆకారం చెడిపోతుంది.