ఖాళీ గదిని నింపిన కటకం

సీసాలకు బిగించే బిరడా ఒక రకం ఓక్ చెట్టు బెరడు. అలాంటి బిరడా ముక్కను రాబర్ట్ హుక్ చేతిలోకి తీసుకున్నాడు. చాకును మంగలికత్తిలా నూరి, ముక్క మీద నుంచి పలచటి పొర ఒకటి చెక్కాడు. తెల్లటి పొర స్పష్టంగా కనబడాలని దాన్ని నల్లటి పలక మీద పరిచి, పైనుంచి వెలుగు పడేలా చేసి, తన సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. తేనెపట్టు లాంటి అరలు కనిపించాయి. హుక్ చూసి ఊరుకోలేదు, లెక్కపెట్టాడు. అంగుళంలో 18వ వంతు పొడవున సుమారు 60 అరలు వచ్చాయి. అంటే అంగుళానికి 1,080. ఆ లెక్కన అంగుళం పొడవు, అంగుళం వెడల్పు, అంగుళం ఎత్తు ఉన్న బిరడా ముక్కలో దాదాపు 126 కోట్ల అరలు! కళ్ళతో చూసి ఉండకపోతే ఎవరూ నమ్మరని ఆయనకే అనిపించింది. 1665లో లండన్‌లో వెలువడిన ‘మైక్రోగ్రాఫియా’ పుస్తకంలో ఆ బొమ్మా, ఆ లెక్కా రెండూ ఉన్నాయి.

ఆ అరలకు హుక్ పెట్టిన పేరు ‘సెల్’. మఠంలో సన్యాసి ఉండే చిన్న గదినీ, తేనెపట్టులోని అరనూ ఇంగ్లీషులో ఆ మాటతోనే పిలుస్తారు. తెలుగులో అది ‘కణం’ అయింది. కణమంటే రేణువు, నలుసు. గది అన్న అర్థం మన మాటలో లేదు. కానీ హుక్ చూసింది అచ్చంగా గదినే. అదీ ఖాళీ గదిని. బిరడాలోని కణాలు ఎప్పుడో చచ్చిపోయాయి, గోడలు మాత్రం మిగిలాయి. పచ్చి మొక్కల్లో ఆ గదుల నిండా రసం ఉండటం కూడా ఆయన గమనించాడు. అయితే ఆ రసంలో ఏముందో చెప్పే శక్తి ఆయన యంత్రానికి లేదు.

ఆ యంత్రానికి అప్పటికి పెద్ద వయసు లేదు. కళ్ళద్దాల తయారీ బాగా ఎదిగిన రోజుల్లో, 17వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో, గొట్టానికి రెండు కొసలా కటకాలు బిగించిన పరికరాలు ఐరోపాలో వాడుకలోకి వచ్చాయి. ‘మైక్రోస్కోప్’ అన్న పేరు 1625లో జొవాన్నీ ఫాబర్ పెట్టినది. హుక్ దగ్గరున్నదీ ఆ జాతిదే. నూనెదీపం వెలుగును నీళ్ళు నింపిన గాజు గోళం గుండా పంపి వస్తువు మీద పడేలా ఆయన ఏర్పాటు చేసుకున్నాడు. అంత శ్రమపడ్డా ఒక చిక్కు తప్పలేదు. గాజు గుండా వెళ్ళేటప్పుడు నీలి కాంతి ఒక కోణంలో, ఎర్రకాంతి మరో కోణంలో వంగుతాయి. అందువల్ల ప్రతి అంచుకూ ఇంద్రధనుస్సు లాంటి చార పడుతుంది. ఒక కటకం చేసిన తప్పును రెండోది ఇంకా పెద్దది చేసి చూపిస్తుంది.

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో ఒక బట్టల వ్యాపారి ఆ రెండో కటకాన్నే తీసేశాడు.

ఆయన పేరు ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. లాటిన్ రాదు, విశ్వవిద్యాలయం గడప తొక్కలేదు. బట్ట నేత నాణ్యత చూడటానికి భూతద్దం వాడటం ఆ వృత్తిలో మామూలే. ఆయన చేసుకున్న సూక్ష్మదర్శిని అరచేతిలో ఇమిడిపోతుంది. రెండు చిన్న లోహపు రేకులు, వాటి నడుమ ఆవగింజంత కటకం, చూడవలసిన వస్తువును గుచ్చడానికి ఒక ముల్లు, దాన్ని అటూ ఇటూ జరపడానికి మరలు, అంతే. కటకాన్ని కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని, వెలుగుకు ఎదురుగా చూడాలి. ఇప్పటికి మిగిలినవాటిలో బలమైనది సుమారు 270 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. ఆ కాలపు రెండు కటకాల యంత్రాలు దానికి దరిదాపుల్లోకి రాలేకపోయాయి.

మిరియం ఘాటెందుకని ఆయనకు ఒక సందేహం వచ్చింది. గింజ మీద కంటికి కనబడని ముళ్ళేవో ఉండి నాలుకకు గుచ్చుకుంటున్నాయేమోనని మిరియాలను నీళ్ళలో నానబెట్టాడు. కొన్ని వారాల తర్వాత, 1676 ఏప్రిల్‌లో, ఆ నీటి బొట్టులో చూస్తే ముళ్ళు లేవు. లెక్కలేనన్ని ప్రాణులు ఈదులాడుతున్నాయి. వాటిలో కొన్ని మనం ఇప్పుడు బ్యాక్టీరియా అంటున్నవే. లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీకి ఆయన రాసిన ఉత్తరాన్ని మొదట ఎవరూ పూర్తిగా నమ్మలేదు. 1677లో హుక్ స్వయంగా మిరియాల నీళ్ళు తయారుచేసి, సభ్యులకు ఆ ప్రాణులను చూపించాక అనుమానం తీరింది. హుక్ చూసిన గది ఖాళీది. లీవెన్‌హుక్ చూసింది ఒంటికణమే ఒళ్ళుగా బతికే జీవి. రెండూ ఒకే కథలో భాగమని మాత్రం ఆ ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత దాదాపు నూట యాభై ఏళ్ళు యంత్రం పెద్దగా ముందుకు సాగలేదు. పైగా అది లేనివాటిని కూడా చూపించింది. కండరమైనా, నరమైనా, ఏ కణజాలం చూసినా గుండ్రటి పూసలు వరుసగా కనబడుతున్నాయని చాలామంది రాశారు. ఒక సిద్ధాంతం కూడా కట్టారు. లండన్‌లో మద్యం వ్యాపారం చేసే జోసెఫ్ జాక్సన్ లిస్టర్ కటకాల మీద మక్కువతో ఆ దోషాన్ని పట్టుకున్నాడు. 1827లో థామస్ హాడ్‌కిన్ అనే వైద్యుడితో కలిసి మెరుగైన యంత్రంతో చూస్తే పూసలు మాయమయ్యాయి. అవి కటకం పుట్టించిన భ్రమలు! వేర్వేరు రకాల గాజుతో చేసిన జంట కటకాలను ఎంతెంత ఎడంలో అమరిస్తే ఒకదాని తప్పును మరొకటి దిద్దుతుందో లిస్టర్ 1830లో లెక్కకట్టి ప్రచురించాడు. శస్త్రచికిత్సలో సూక్ష్మజీవులను చంపే పద్ధతి తెచ్చిన జోసెఫ్ లిస్టర్ ఈయన కొడుకే.

చూపు తేటపడేకొద్దీ గదిలో ఏముందో కనబడసాగింది. 1831లో రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ కణాల్లో ప్రతిదానిలోనూ ఒక గుండ్రటి మచ్చను గుర్తించి దానికి ‘న్యూక్లియస్’ అని పేరు పెట్టాడు. అదే కేంద్రకం. బెర్లిన్‌లో ఒకసారి భోజనాల దగ్గర మొక్కల కణాల గురించి, వాటి కేంద్రకాల గురించి వృక్షశాస్త్రజ్ఞుడు ష్లైడన్ చెబుతుంటే, అలాంటిదే తాను జంతువుల్లో చూశానని ఆయన మిత్రుడు ష్వాన్‌కు తట్టింది. మొక్కలైనా జంతువులైనా కణాలతో ఏర్పడినవేనని 1839లో ష్వాన్ పుస్తకమే రాశాడు. కణాలు ఎక్కడినుంచి వస్తాయన్న విషయంలో మాత్రం ఇద్దరూ పొరబడ్డారు. ఉన్న కణం విడిపోతేనే కొత్త కణం పుడుతుందని రాబర్ట్ రెమాక్ చూపించాడు, 1855లో రుడాల్ఫ్ విర్కో చాటిచెప్పాడు.

ఆ విడిపోవడాన్ని కళ్ళారా చూడటానికి కటకం ఒక్కటే సరిపోలేదు, రంగు కావలసివచ్చింది. సజీవ కణంలో దాదాపు అన్నీ నీళ్ళలా పారదర్శకంగా ఉంటాయి. బట్టల పరిశ్రమ కోసం పుట్టిన కృత్రిమ రంగులను వాల్తర్ ఫ్లెమింగ్ సలమాండర్ అనే ఉభయచరం కణాల మీద ప్రయోగించాడు. కేంద్రకంలోని దారాలు రంగు పట్టి, నిలువునా చీలి, రెండు వైపులా సర్దుకోవడాన్ని వరుసగా బొమ్మలుగా గీశాడు. 1882లో దానికి ‘మైటాసిస్’ అని పేరు పెట్టాడు. పాఠశాలలో ఉల్లిపొర మీద వేసే సాఫ్రనిన్ చుక్కకు, బుగ్గ కణాల మీద వేసే మిథిలీన్ బ్లూకు మూలం అక్కడే ఉంది.

ఈ యంత్రం జీవితంలో మరపురాని రోజొకటి తెలుగు నేల మీద గడిచింది. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమలను కోసి చూస్తున్నాడు. పంకా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చున్నాడు. చెమట తగిలి సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. మిగిలిన ఒక్క అక్షి కటకానికీ పగులు పట్టింది. మలేరియా రోగి హుసేన్ ఖాన్‌ను కుట్టిన దోమ జీర్ణాశయపు గోడను 20వ తేదీన కణం వెంట కణంగా గాలిస్తుంటే, చక్కటి అంచుతో గుండ్రటి కణం ఒకటి అడ్డుపడింది. దాని లోపల నల్లటి రేణువులు. రోగుల రక్తంలోని మలేరియా పరాన్నజీవిలో ఉండే రేణువులూ అలాంటివే! దోమ కణం ఎలా ఉంటుందో అప్పటికే కళ్ళకు బాగా అలవాటు కాబట్టి, ఇది దోమది కాదని రాస్ పట్టుకోగలిగాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పనిచేసిన బేగంపేట భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో ఆయన పేరుతోనే ఉంది.

రాస్ కంటే ముందే, 1873లో, జర్మనీలోని యేనాలో కార్ల్ జైస్ కర్మాగారానికి పనిచేస్తున్న ఎర్నెస్ట్ అబ్బే ఒక హద్దును కనిపెట్టాడు. బొటనవేలంత లావు సుద్దముక్కతో బియ్యపుగింజంత ఎడంలో రెండు ముగ్గుచుక్కలు పెట్టబోతే అవి కలిసి ఒకే మచ్చవుతాయి. కాంతి కెరటానికీ అలాంటి లావు ఉంది. మిల్లీమీటరులో సుమారు 5,000వ వంతు కంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులను మామూలు కాంతి విడదీసి చూపలేదు. ఎన్ని రెట్లు పెంచినా ఆ మచ్చే పెద్దదవుతుంది గానీ రెండు కాదు. ఏడెనిమిది మైక్రోమీటర్ల ఎర్ర రక్తకణం హాయిగా కనబడుతుంది. కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ మైక్రోమీటరులో నలభయ్యో వంతే, అది కనబడదు.

అందుకే 1931లో బెర్లిన్‌లో ఎర్నెస్ట్ రుస్కా, మాక్స్ నోల్ కాంతికి బదులు ఎలక్ట్రాన్లను, గాజు కటకానికి బదులు అయస్కాంత తీగచుట్టను వాడారు. 1945లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో ఆల్బర్ట్ క్లాడ్, కీత్ పోర్టర్ బృందం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో మొత్తం కణానికి తొలి చిత్రం తీసింది. అల్లిక లాంటి వల ఒకటి కణమంతా పరుచుకుని ఉంది. దాన్నే అంతర్జీవద్రవ్యజాలం అంటున్నాం. 1955లో అక్కడే జార్జ్ పాలాడే రైబోజోములను వర్ణించాడు. పాఠ్యపుస్తకంలో పిల్లలు భాగాలు గుర్తించే రంగుల కణం బొమ్మలో సగం ఈ యంత్రం ఇచ్చినదే. కానీ ఎలక్ట్రాన్లకు శూన్యం కావాలి, శూన్యంలో కణం బతకదు. బతికున్న కణం లోపలి కదలికలు చూడటానికి జెల్లీఫిష్ నుంచి తీసిన, ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్ పనికొచ్చింది. అబ్బే హద్దును కూడా మెరిసే అణువుల సాయంతో దాటినందుకు 2014లో ముగ్గురికి నోబెల్ దక్కింది.

అదే 2014లో, ఐఐటీ కాన్పూర్‌లో చదివి స్టాన్‌ఫర్డ్‌లో పనిచేస్తున్న మను ప్రకాశ్ బృందం కాగితం మడిచి చేసే సూక్ష్మదర్శినిని లోకానికి పరిచయం చేసింది. పేరు ఫోల్డ్‌స్కోప్. అందులో ఉన్నది ఒకే ఒక్క గాజుపూస. అది 140 రెట్లు పెంచి చూపిస్తుంది. విడిభాగాల ఖర్చు డాలరు కూడా కాదు. వాడే తీరు లీవెన్‌హుక్‌దే: కంటికి ఆనించి, వెలుగు వైపు తిరగాలి.

లీవెన్‌హుక్ తన కటకాలు ఎలా చేసేవాడో ఎవరికీ చెప్పలేదు. 2021లో నెదర్లాండ్స్ పరిశోధకులు, ఆయన యంత్రాన్ని విప్పకుండా న్యూట్రాన్లు పంపి, రేకుల మధ్య దాగిన కటకాన్ని చూశారు. అన్నింటికన్నా బలమైన ఆ కటకం సానబట్టినది కాదు. సన్నటి గాజు దారాన్ని మంటలో పెడితే కొసన పూసలా ముడుచుకుంటుందే, అలా చేసిన పూస. ఆ పద్ధతిని మూడున్నర శతాబ్దాల కిందటే అచ్చులో వివరించినవాడు రాబర్ట్ హుక్. బిరడాలో ఖాళీ గదులు లెక్కపెట్టిన ఆ ‘మైక్రోగ్రాఫియా’ ముందుమాటలోనే అది ఉంది.