అమ్మమ్మ పాటలు ఏ ఫార్మాట్‌లో దాచాలి?

కిందటి వేసవిలో విజయనగరం వెళ్లినప్పుడు అమ్మమ్మ పాడిన పాటల క్యాసెట్లు ఆరు తెచ్చుకున్నాను. అమ్మమ్మ ఇప్పుడు లేదు. తొందరపడి మొదటిదాన్ని తక్కువ సైజు ఎంపీత్రీగా మార్చాను. మర్నాడు అదే టేపు ప్లేయర్‌లో చుట్టుకుపోయి నలిగిపోయింది. ఇక ఆ పాటలకు మిగిలింది ఆ పలచటి ఫైలే. మిగతా ఐదింటి విషయంలో ఆ తప్పు చేయకూడదని లాస్‌లెస్ పద్ధతుల గురించి చదివాను.

ఎంపీత్రీ అంటే సూట్‌కేసు బరువు తగ్గడానికి కొన్ని బట్టలు ఇండియాలోనే వదిలేసి రావడం. లాస్‌లెస్ అంటే గాలి తీసేసే కవర్లలో సర్దుకురావడం. విప్పి చూస్తే అన్నీ ఉంటాయి.

సీడీ నాణ్యతలో ప్రతి సెకనుకూ ఒక్కో ఛానెల్‌కు 44,100 కొలతలు ఉంటాయి. గంట స్టీరియోకి సుమారు 635 ఎంబీ. లాస్‌లెస్ ఎన్‌కోడర్ ముందు కొలతలను చూసి తర్వాతిది ఎంతో ఊహిస్తుంది, ఊహ ఎంత తప్పిందో అంతే రాసుకుంటుంది. బాగా ఊహిస్తే ఫైలు చిన్నదవుతుంది. కానీ అంత బాగా ఊహించాలంటే సమయం పడుతుంది. క్యాసెట్‌లో వినిపించే 'స్స్' చప్పుడును ఊహించడం కష్టం, అందుకే పాత టేపులు అంతగా తగ్గవు.

ఫ్లాక్‌లో 0 నుంచి 8 వరకు స్థాయిలున్నాయి, మామూలుగా 5 ఉంటుంది. ఒకే టేపును 0, 5, 8లలో చేసి చూశాను. 0 నుంచి 5కి వెళితే సైజు తగ్గింది. 5 నుంచి 8కి సమయం పెరిగింది కానీ తగ్గింది బహు స్వల్పం. ఏ స్థాయిలో చేసినా ఫైలు తేలిగ్గానే ప్లే అవుతుంది.

మంకీస్ ఆడియో పై స్థాయిల్లో ఫ్లాక్ కన్నా చిన్న ఫైలు ఇస్తుంది, ఆప్టిమ్‌ఫ్రాగ్ ఇంకా చిన్నది. కానీ వీటిలో కుదించడానికి ఎంత కష్టమో వినేటప్పుడు విప్పడానికీ దాదాపు అంతే. చాలా ఫోన్లు, కార్లు వాటిని నేరుగా ప్లే చేయవు. యాపిల్ వాళ్ల ఏలాక్ ఐఫోన్‌లో హాయిగా నడుస్తుంది, సైజు సాధారణంగా ఫ్లాక్ కన్నా కాస్త ఎక్కువ.

ఆ కొద్ది శాతం కోసం చూసుకోవడం కన్నా, ఇరవై ఏళ్ల తర్వాత మా పిల్లలు తెరవగలరా అన్నదే నాకు ముఖ్యం. ఫ్లాక్ ఉచితం. 2024లో ఇంటర్నెట్ ప్రమాణంగానూ ప్రచురితమైంది. పైగా అసలు శబ్దం తాలూకు వేలిముద్ర లాంటి ఎండీ5 సంఖ్య ఫైల్లోనే ఉంటుంది కాబట్టి కాపీ చెడిందేమో పరీక్షించుకోవచ్చు. అందుకే 5లోనే చేశాను. ఒకే మైకుతో రికార్డు చేసినవి కాబట్టి మోనోగా దాచాను. దాంతోనే సైజు సగమైంది.

ఒక కాపీ ఇక్కడ ఉంది, ఇంకోటి తమ్ముడి దగ్గర. ఎంపీత్రీని ఫ్లాక్‌గా మారిస్తే పోయిన శబ్దం తిరిగిరాదు. కాబట్టి మీ ఇంట్లో టేపులుంటే ముందు లాస్‌లెస్‌లోనే ఎక్కించండి. ఆ తర్వాత కూడా క్యాసెట్లు పారేయకండి. నలిగిన ఆ టేపును నేనూ దాచే ఉంచాను, బాగుచేసేవారు దొరుకుతారేమోనని.