కంచు పతకం అంచున ఒక పేరు

ఒంగోలుకు పడమటనున్న మా పల్లెలో, మా మేనత్త రేకుపెట్టె అడుగున, పాత కోకల మడతల్లో ఒక పతకం ఉంది. ఒకవైపు అయిదవ జార్జి శిరస్సు. రెండోవైపు గుర్రమెక్కిన దిగంబర వీరుడు, పక్కన 1914, 1918 అన్న అంకెలు. అంచు మీద సన్నని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక సంఖ్య, దళం పేరు, మా తాత పేరు. ఆ పేరును తప్పుగా చెక్కారు. చిన్నతనంలో మేము దానితో తొక్కుడుబిళ్ళ ఆడుకున్నాం. ఎవరూ వద్దనలేదు.

తాత బస్రాలో తుపాకి పట్టి పోరాడాడని మా ఇంటి కథ. మాదిగవాడలో పుట్టి సముద్రం దాటి, తుర్కీ సైన్యాన్ని ఎదిరించి తిరిగివచ్చిన మనిషి వంశంలో వాళ్ళమని చెప్పుకొని పెరిగాం. బడిలో చివరి వరుసలో కూర్చోబెట్టిన రోజుల్లో ఆ కథ నాకు వెన్నుదన్ను. అరవయ్యేళ్ళు దాటాక ఆ పతకాన్ని శుభ్రం చేసి చూస్తే, అది వెండిది కాదు, కంచుది.

ఈ భేదం చిన్నది కాదు. బ్రిటిష్ యుద్ధ పతకాన్ని రెండు లోహాల్లో పోతపోశారు. సైనికులకు వెండి, బరువులు మోసిన, రోడ్లు వేసిన కూలిదళాల వారికి కంచు. అచ్చు ఒకటే, రాజు ముఖం ఒకటే, లోహం మాత్రం వేరు. అంటరానితనానికి ఇంత చక్కని నమూనాను మనువు కూడా ఊహించి ఉండడు. ఇందులో ఒక వింత కూడా ఉంది. వెండి పతకాలు ఎన్నో కరువు రోజుల్లో కంసాలి కొలిమిలో కరిగిపోయి ఉంటాయి. మా తాతది నిలిచింది. కంచుకు ఎవరూ డబ్బివ్వరు కదా!

మొదటి ప్రపంచయుద్ధంలో భారత సైన్యంలో చేరినవారిలో అయిదు లక్షలకు పైబడినవారు పోరాటేతర సిబ్బంది. మోతగాళ్ళు, పాకీవారు, వంటవారు, కంచరగాడిదలను తోలేవారు. చరిత్రకారిణి రాధికా సింఘా వారి మీద 2020లో ఒక పుస్తకమే వెలువరించారు. అంతకుముందు మన యుద్ధ చరిత్రల్లో వారు అంకెలుగానే కనిపిస్తారు. బస్రా స్మారకం మీద భారతీయ అధికారుల పేర్లు చెక్కి, సాధారణ సిపాయిలను దళం కింద ఒక సంఖ్యగా చూపి వదిలేశారు. సిపాయికే ఆ గతి పడితే మోతగాడి సంగతి ఎవరడుగుతారు? ఈ అసమానతను కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం 2021లో తన నివేదికలో ఒప్పుకొని క్షమాపణ చెప్పింది. శతాబ్దం తర్వాత.

అసలు తెలుగువాడికీ సైన్యానికీ ఉన్న సంబంధాన్ని మనమే మరిచాం. ఉత్తరాదిన కంపెనీ సిపాయికి ఒకప్పుడు 'తిలంగా' అనే పేరు వాడుకలో ఉండేది. మన తీరం నుంచి వెళ్ళిన సిపాయిల మూలంగా స్థిరపడిన మాట అది. అట్లాంటి తెలుగువాణ్ణి పందొమ్మిదో శతాబ్దం చివరికి 'యుద్ధజాతి' కాదని తేల్చారు. లార్డ్ రాబర్ట్స్ వంటి సేనాపతులు ప్రచారం చేసిన ఆ సిద్ధాంతం, అంతకుముందు సైన్యంలో కాస్త చోటు దొరికిన అంటరాని కులాలకు తలుపు మూసింది. మహారాష్ట్రలోనూ ఇదే జరిగింది. సుబేదారు కొడుకైన అంబేద్కర్ మౌ కంటోన్మెంటులో పుట్టిన కొద్దికాలానికే, 1890ల తొలినాళ్ళలో, మహర్ల భర్తీ ఆగిపోయింది.

మహర్లు ఊరుకోలేదు. గోపాల్‌బాబా వలంగ్కర్ అర్జీ రాశారు. 1910లో శివరాం జాన్బా కాంబ్లే మళ్ళీ రాశారు. ఆ అర్జీలకు బలం ఎక్కడిది? కోరేగావ్ స్తంభం మీద, 1818 జనవరి 1 నాటి యుద్ధంలో మరణించినవారి పేర్ల చివర ఉన్న 'నాక్' అనే ప్రత్యయం వారి కులాన్ని పట్టిచ్చింది. అంబేద్కర్ 1927లో అక్కడికి వెళ్ళి నిలబడ్డారు. 1941లో మహర్ రెజిమెంటు ఏర్పడింది. మన తెలుగువాడు, తర్వాత భారత సైన్యాధ్యక్షుడైన కె.వి. కృష్ణారావు 1942లో అధికారిగా చేరింది ఆ రెజిమెంటులోనే. పెష్వాను ఓడించడమా, విదేశీ కంపెనీకి ఊడిగం చేయడమా అన్న వాదం కోరేగావ్ చుట్టూ ఇంకా సాగుతోంది. సాగనివ్వండి. పేర్లుండబట్టే కదా వాదమైనా ఉన్నది!

మన పేర్లు ఎక్కడ? లాహోర్ మ్యూజియంలో పడివున్న పంజాబు రిజిస్టర్లను 2021 నుంచి కంప్యూటర్‌కు ఎక్కించడం మొదలుపెట్టారు. ఊరూరి వారీగా సుమారు 3,20,000 మంది సైనికుల వివరాలు అందులో ఉన్నాయి. అట్లాంటి కట్ట మన జిల్లాలకు నా కంటబడలేదు. తాత కాగితాల కోసం ఒక కార్యాలయం మెట్లు మూడుసార్లు ఎక్కాను. కాలం చెల్లిన దస్త్రాలను ఎప్పుడో తగలబెట్టామని అక్కడి గుమాస్తా చెప్పాడు. కులం అడిగి, 'మీవాళ్ళు సైన్యంలోనా?' అని నవ్వాడు.

చివరికి దారి చూపింది చర్చి. ఒంగోలు బాప్టిస్టు మిషన్ 1878లో మా కులంవారికి వేల సంఖ్యలో బాప్తిస్మమిచ్చింది. ఆనాటి నుంచి బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, మరణాలు రాసిపెట్టే అలవాటు పల్లె చర్చిలకు అబ్బింది. మా ఊరి చర్చి పుస్తకంలో తాత పేరు సరిగ్గా ఉంది. పెళ్ళినాటి వృత్తి గడిలో 'కూలి, బస్రా' అని ఉంది. మన దళిత క్రైస్తవ పల్లెల్లో చెదలు పడుతున్న ఆ పుస్తకాలు మాకు మిగిలిన సైనిక దస్త్రాలని, కనీసం ఫోటోలైనా తీసి ఉంచమని పాస్టర్లను ప్రతిచోటా బతిమాలుతున్నాను.

ఇక అసలు చిక్కు. ఈ సంగతి మేనత్తకు చెప్పాలా? ఆమెకు దాదాపు తొంభై ఏళ్ళు. తండ్రిని వీరుడిగానే గుర్తుపెట్టుకున్నారు. కొందరు మిత్రులు, 'కథనే రాసుకో, జాతికి గౌరవం కావాలి' అన్నారు. నాకు ఒప్పుదల కాలేదు. మన చరిత్రను పైకులాలు తమకు నచ్చినట్టు రాశాయని తిట్టే మనం, మన ఇంట్లో అదే పని చేస్తే ఎట్లా? పైగా తుపాకికే గౌరవం, మూపుకు లేదు అనుకోవడం ఎవరి విలువ? అది మనకు ఎవరు నేర్పారు?

చెప్పాను. ఆమె చాలాసేపు పతకం కేసి చూశారు. తర్వాత అన్నారు: ''ఒరే అబ్బయ్యా, మీ నాయన పుట్టినప్పుడు అది లేదంటే లేదు, ఉందంటే ఉంది. మీ తాతకు తలంటి నీళ్ళు పోసింది నేను. కుడిమూపు మీద చెయ్యి పెడితే రాయిమీద పెట్టినట్టుండేది. ఎండలో ఓడలో సరుకు దించిదించి కాయ కాసిందని ఆయనే చెప్పాడు. తుపాకి సంగతి మీ అమ్మమ్మ పెళ్ళిళ్ళలో చెప్పింది. మాకెందుకులే అని ఊరుకున్నాం.''

అంటే ఆమెకు ముందే తెలుసు!

ఆ మాటలన్నీ ఫోనులో రికార్డు చేశాను. తేదీ, ఊరు, చెప్పినవారి వయసు, ఎవరి దగ్గర విన్నారో కూడా రాసి పెట్టాను. తుపాకి కథను కొట్టివేయలేదు. ఎవరు, ఏ సందర్భంలో చెప్పేవారో పక్కన రాశాను. పోయినవారం పక్క ఊరి నుంచి ఒక ముసలాయన కబురు పంపాడు, తమ ఇంట్లో కూడా 'నల్లటి బిళ్ళ' ఒకటి ఉందని. రేపు ఆదివారం వెళ్తున్నాను. వస్తానని మేనత్త కూడా బయల్దేరుతున్నారు. ఆ ఇంటివాళ్ళ మూపుల కథ తాను అడుగుతానంటున్నారు.